గోడ మీద రాసింది ఎవరూ చదవడం లేదు, చదివినా పాటించడం లేదు: మీ దగ్గర ఎలా ఉంది?

బెజవాడ_ల్యాబ్

సభ్యులందరికీ నమస్కారం. విజయవాడ సూర్యారావుపేటలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో నమూనాలు తీసుకోవడం నా పని. తలుపు మీద, బిల్లు కట్టే బల్ల ఎదురుగా, కుర్చీల వెనక గోడ మీద, మూడు చోట్లా తెలుగులోనే, "పరగడుపు షుగరు పరీక్షకు కనీసం 8 గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు, కాఫీ టీలు తాగకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. సరిగ్గా ఆ బోర్డు కిందనే అరగంట కూర్చున్నవారు, చేతికి పట్టీ కట్టి సూది తీసిన తరువాత, "పొద్దున కొంచెం కాఫీ తాగానండి, పరవాలేదు కదా" అంటారు. రేపు రమ్మంటే కోపం వస్తుంది. "ముందే చెప్పాలి కదా" అని గొడవకు దిగుతారు.

ఇది నా విసుగుకు సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 126 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం అని వైద్యులు లెక్క వేస్తారు. పాలు, పంచదార కలిపిన కాఫీ తాగి ఆ సంగతి చెప్పకుండా రక్తం ఇచ్చిన మనిషి అంకె ఈ గీతలను అనవసరంగా దాటిపోవచ్చు. ఆ కాగితం చూసి వైద్యుడు మందు మోతాదు పెంచితే, ఇంటికి వెళ్లాక చక్కెర పడిపోయి కళ్లు తిరిగి పడేది ఆ మనిషే. అంటే గోడ మీద రాసిన ఆ ఒక్క వాక్యం ఆయన కోసం రాసినదే.

రిపోర్టు ఏ గంటకు వస్తుందో బిల్లు మీద అచ్చు వేసి ఉంటుంది. బిల్లు చేతిలో పట్టుకునే అదే అడుగుతారు. ఒక్కొక్కరికి జవాబు చెప్పడానికి నిమిషమే పట్టవచ్చు గాని, వరుసలో ఆఖరున నిలబడిన ముసలాయన, రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చినవాడు, ఆ నిమిషాలన్నీ తన ఆకలితో కడుతున్నాడు. నాకు నిజంగా బాధ కలిగించేది అదే. చదువు రానివారి గురించి నేను మాట్లాడడం లేదు. వారికి ఎన్నిసార్లయినా చెబుతాను. చదువుకుని, చేతిలో ఫోను చదువుతూ కూర్చుని, తల మాత్రం ఎత్తనివారి గురించి అడుగుతున్నాను. ఇది నిర్లక్ష్యమా, అలవాటా, లేక రాసినదాని మీద నమ్మకం లేకపోవడమా?

విశ్రాంత_కండక్టరు

మీరు చివర అడిగిన మూడింటిలో మూడవదే అసలు కారణమని నా అభిప్రాయం. నేను బస్సుల్లో కండక్టరుగా చాలాకాలం పనిచేసి విరమించినవాణ్ణి. బస్సు ముందు గుంటూరు అని నిలువెత్తు అక్షరాలు కనిపిస్తున్నా, మెట్టు మీద కాలు పెట్టి "గుంటూరేనా" అని అడగని ప్రయాణికుణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మొదట్లో నాకూ మీలాగే చికాకుగా ఉండేది. ఒక పెద్దాయన ఒకసారి నాకు అర్థమయ్యేలా చెప్పారు: "నాయనా, బోర్డు మచిలీపట్నం అని ఉంటే ఎక్కాను. అది అంతకుముందు ట్రిప్పుది, మార్చలేదట. ఉయ్యూరు దిగుదామనుకున్నవాణ్ణి మంగళగిరిలో దిగాను." ఒక్కసారి అలా దెబ్బ తిన్న మనిషి జన్మలో బోర్డును నమ్మడు. ఆయన తన పిల్లలకు కూడా అడిగి ఎక్కమనే నేర్పుతాడు. అందువల్ల "గుంటూరేనా" అని అడిగేవాడు చదవలేదని కాదు, చదివినది ఇప్పటికీ నిజమేనా అని రూఢి చేసుకుంటున్నాడు.

అయితే నాన్‌స్టాప్ అని రాసి ఉన్న బస్సు ఎక్కి, మంగళగిరి దగ్గర ఆపమని డ్రైవరుతో తగవు పడేవారి విషయంలో మాత్రం మీ పక్షమే. వారు చదివారు, తెలుసుకున్నారు, తమ ఒక్కరికీ ఆ మాట వర్తించదనుకున్నారు. వెనక కూర్చున్న యాభై మంది ఆలస్యం వారికి కనిపించదు.

కృష్ణలంక_గట్టు

కండక్టరు గారు చివర చెప్పిన మనుషుల గురించే నేను మాట్లాడతాను, ఎందుకంటే మా దగ్గర వారు చనిపోతున్నారు. మా ఇల్లు కృష్ణలంకలో, కరకట్టకు దగ్గర. స్నాన ఘట్టాలు దాటి కిందికి వెళ్తే "లోతు ఎక్కువ, ఇక్కడ నీటిలో దిగరాదు" అన్న బోర్డులు ఉంటాయి. వేసవిలో ఆ బోర్డుకే చొక్కా తగిలించి నీటిలో దిగే కుర్రాళ్లను ఈ కళ్లతో చూశాను. ఇసుక తవ్విన చోట మోకాలి లోతు నీరు రెండడుగుల దూరంలో నిలువు లోతు అవుతుంది. పైకి చూస్తే నీరంతా ఒకేలా కనిపిస్తుంది. తెలియనివాడికి తెలియజెప్పడానికి ఆ బోర్డు తప్ప వేరే ఆధారం లేదు.

వరద సమయంలో ఇంకా అన్యాయం. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవది ఎగరవేస్తారు. 2024 సెప్టెంబరులో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. రెండవ హెచ్చరికకు దాదాపు రెట్టింపు. ఇటువంటి అంకెలు టీవీలో, ఫోనులో, మైకులో వినిపిస్తున్నా, పిల్లలను భుజాన ఎక్కించుకుని నీళ్లు చూడటానికి వచ్చేవారు వస్తూనే ఉంటారు. వారిని వెనక్కి పంపడానికి నిలబెట్టిన పోలీసులు ఆ సమయానికి ఇంకొక చోట ఎవరినో పడవ ఎక్కించవలసినవారు. నా మట్టుకు నేను చెప్పేది ఒకటే: రాసి పెడితే చాలదు, ఉల్లంఘించినవారికి జరిమానా వేయాలి.

సత్యనారాయణపురం_ప్రయాణికుడు

జరిమానా రాసి ఉన్న చోట కూడా ఇదే పరిస్థితి. విజయవాడ స్టేషన్‌లో 10 ప్లాట్‌ఫారాలు, వాటిని కలుపుతూ వంతెనలు ఉన్నాయి. అయినా పట్టాలు దాటేవారు దాటుతూనే ఉన్నారు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం రైల్వే స్థలంలోకి అక్రమంగా ప్రవేశిస్తే 6 నెలల వరకు జైలు గాని, 1,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. పట్టాలు దాటేవారిలో చాలామందికి ఈ సంగతి తెలుసు.

పంతులమ్మ_పటమట

ఈ చర్చ చదువుతుంటే ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ల్యాబ్ గారు "చదువు రానివారి గురించి మాట్లాడడం లేదు" అన్నారు. మరి ఎవరికి చదువు వచ్చో, ఎవరికి రాదో కౌంటరు వెనక నుంచి చూసి చెప్పగలరా? 2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి కృష్ణా జిల్లాలో ఏడేళ్లు పైబడినవారిలో అక్షరాస్యులు సుమారు 74 శాతం, గుంటూరు జిల్లాలో సుమారు 67 శాతం. అంటే అప్పటి గుంటూరు జిల్లాలో ప్రతి ముగ్గురిలో ఒకరు మీ బోర్డు చదవలేరు. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడే ఉంటుంది గాని, రక్తపరీక్షలకు ఎక్కువగా వచ్చే వయసువారు అప్పటి పెద్దలే.

మా పాఠశాలలో తల్లిదండ్రులకు నోటీసు ఇస్తే, కొందరు తల్లులు దాన్ని అటూ ఇటూ తిప్పి "కళ్లజోడు తేలేదు టీచరుగారూ, ఏం రాశారో మీరే చెప్పండి" అంటారు. వారిలో కొందరికి అసలు కళ్లజోడే లేదని నాకు తెలుసు. చదవడం రాదని నలుగురిలో ఒప్పుకోవడం కన్నా మరచిపోయాననడం, చూడలేదనడం, కసురుకోవడం కూడా వారికి తేలికగా ఉంటుంది. చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని, ఖరీదైన ఫోను చేతిలో ఉన్న మనిషి కూడా ఆ ఫోనులో బొమ్మలు చూస్తూ, మాటలు వింటూ ఉండవచ్చు. ఇంకొక వర్గం ఉంది: కూడబలుక్కుని చదివేవారు. నాలుగు వరుసల బోర్డు చదవడానికి వారికి రెండు నిమిషాలు పడుతుంది, అందరి ముందు పెదవులు కదిలిస్తూ చదవడానికి సిగ్గు. వారు అడుగుతారు. అడిగినవారిని కసిరితే రెండవసారి అడగరు, కాఫీ తాగిన సంగతి కూడా చెప్పరు.

బెజవాడ_ల్యాబ్

పంతులమ్మ గారూ, మీరు చెప్పిన చివరి వాక్యం నాకు గట్టిగా తగిలింది, దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మనిషిని చూసి చదువు కొలవలేమన్నదీ నిజమే. అయినా ఒక తేడా మాత్రం నాకు రోజూ కనిపిస్తుంది. చదవలేని మనిషి రాగానే అడుగుతాడు, చెబితే శ్రద్ధగా వింటాడు, "అయితే రేపొస్తానండి" అని వెళ్తాడు. చదవగలిగి చదవనివారు మాత్రం పని చెడిన తరువాత అడుగుతారు, పైగా తప్పు మాదే అంటారు. నా గోడు ఈ రెండవవారి గురించి.

ఇంకొకటి కూడా చెప్పాలి. సగం చదివేవారితో వచ్చే చిక్కు అంతకన్నా పెద్దది. "ఏమీ తీసుకోకూడదు" అని ఎక్కడో చదివి, రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చేవారున్నారు. మంచినీళ్లు తాగవచ్చు, తాగాలి కూడా. నీళ్లు లేక శరీరం ఎండిపోతే నరం దొరకదు, రెండు మూడు చోట్ల పొడవవలసి వస్తుంది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకు పరగడుపు అవసరమే లేదు. దానికోసం మధ్యాహ్నం దాకా పస్తుండి, కళ్లు తేలేసిన పెద్దవారిని చూశాను.

ఎరువులకొట్టు_ప్రత్తిపాడు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దగ్గర ఎరువులు, పురుగుమందుల కొట్టు మాది. సగం చదవడం గురించి మీరు రాసినది చూసి ఇది రాస్తున్నాను. మా వ్యాపారంలో రాసినది చదవకపోతే జరిగే నష్టం మనుషులకు, పంటకు, తినేవారికి కూడా.

ప్రతి పురుగుమందు డబ్బా మీద వజ్రాకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో వేసిన రంగు ఆ మందు ఎంత విషమో చెబుతుంది: ఎరుపు అయితే అత్యంత విషం, పసుపు అయితే తీవ్ర విషం, నీలం అయితే మధ్యస్థం, ఆకుపచ్చ అయితే స్వల్పం. అక్షరం రాని మనిషికి కూడా తెలియాలనే ఈ రంగులు పెట్టారు. కాని వాటి అర్థం రైతుకు ఎవరూ చెప్పలేదు. "పచ్చ గుర్తుంది కదా, మొక్కకు బలమే" అని ముఖానికి గుడ్డ కూడా కట్టకుండా కొట్టినవారు నాకు తెలుసు. 2021-22 పంటకాలంలో నల్ల తామరపురుగు మిరపతోటలను తుడిచిపెట్టినప్పుడు, పక్క రైతు ఏది కొడితే అది, ఎంత కలిపితే అంత, రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టారు. ఆ డబ్బాలన్నిటితో పాటు లోపల కరపత్రం ఉంటుంది. అందులో ఎకరాకు మోతాదు, ఆఖరి పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజులు ఆగాలి, విషం ఎక్కితే ఏం చేయాలి అన్నీ ఉంటాయి. ఆ ఆగవలసిన రోజులు ఆగకపోతే అవశేషాలు కాయలో మిగిలిపోతాయి, ఎగుమతికి పనికిరాదంటారు, మిర్చి యార్డులో ధర తగ్గుతుంది.

ఆ కరపత్రాన్ని నేను కొట్లోనే విప్పి, మా నాన్నగారికి చదవమని ఇచ్చాను. ఆయన డిగ్రీ చదివినవారు. భూతద్దం లేనిదే చదవలేకపోయారు. పల్చటి కాగితం, అనేక మడతలు, పలు భాషలు, చీమతలకాయంత అక్షరాలు. ఇక్కడ చదవనివాణ్ణి మాత్రమే తప్పు పట్టడం నాకు న్యాయంగా తోచదు. అచ్చు వేసినవారికి చట్టం చెప్పిన పని పూర్తయిందనిపించుకోవడమే కావాలి, రైతు చదవడం కాదు.

బ్రాడీపేట_4వలైను

గుంటూరులో మా అపార్ట్‌మెంటు కార్యదర్శిగా నాదీ ఇదే కథ. ట్యాంకు కడుగుతున్నాం, ఫలానా రోజు నీళ్లు రావు అని లిఫ్టు తలుపు మీద అంటిస్తాం, వాట్సాప్ గ్రూపులో పెడతాం. ఆ రోజు ఉదయం ప్రతి ఇంటి నుంచీ ఫోనే. గ్రూపులో ఆ సందేశం శుభోదయం పువ్వుల కింద ఎప్పుడో మునిగిపోయి ఉంటుంది.

అక్షరాల_పనివాడు

విజయవాడ గాంధీనగర్ ప్రాంతంలో మొదట కుంచెతో, ఇప్పుడు ఫ్లెక్సు మీద బోర్డులు తయారుచేసే పని నాది. మీరందరూ చదవనివారి గురించి మాట్లాడారు. రాసే వైపు నుంచి కొన్ని సంగతులు చెబుతాను, కాస్త పొడవైనా ఓపికగా చదవగలరు.

పది అడుగుల దూరం నుంచి సుఖంగా చదవాలంటే అక్షరం కనీసం అంగుళం ఎత్తు ఉండాలన్నది మా పనిలో పాత లెక్క. అది ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు సరిపోతుంది. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ మధ్య ఇంకా చోటు వదలాలి, లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడితో కలిసిపోతుంది. నా దగ్గరకు వచ్చేవారు నాలుగడుగుల బోర్డు ఇచ్చి పన్నెండు నియమాలు పట్టించమంటారు. పైగా నాయకుడి ఫొటో, దేవుడి బొమ్మ, ఫోను నంబర్లు, యజమాని పేరు. చెప్పవలసిన మాటకు మిగిలేది జానెడు చోటు. నీలం మీద ఎర్ర అక్షరాలు కావాలంటారు, మెరుస్తుందని. ఆ రెండు రంగులు కలిస్తే కన్ను నిలవదు. చదవరు సార్ అని చెబితే, "పెట్టామని ఉండాలి కదా" అంటారు. ఎరువులకొట్టు గారు చెప్పిన కరపత్రం కూడా ఈ "పెట్టామని ఉండాలి" జాతిదే.

రెండవది, పాతవి తీయరు. ఒక ఆసుపత్రి గోడకు బోర్డు బిగించడానికి వెళ్తే, అక్కడ ముఖానికి మాస్కు తప్పనిసరి అన్న కరోనా నాటి కాగితం, మారిపోయిన డాక్టరు వేళలు, ఎప్పుడో అయిపోయిన ఉచిత శిబిరం ప్రకటన ఇంకా వేలాడుతున్నాయి. పది కాగితాలలో ఏడు చచ్చినవి అయినప్పుడు, బతికి ఉన్న మూడింటిని వెతికి చదవమని జనాన్ని అడగలేం. కండక్టరు గారు చెప్పిన పెద్దాయన నమ్మకం పోగొట్టుకున్నది ఇటువంటి చోటే.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. బోర్డు ఎక్కడ పెట్టాలి? మనిషి నిర్ణయం తీసుకునే చోట. రోడ్డు మలుపు గుర్తు మలుపులో పెట్టరు, మలుపుకు ముందే పెడతారు, బండి నెమ్మది చేసుకునే వ్యవధి ఉండాలని. ల్యాబ్ గారూ, మీ మనిషి కాఫీ తాగాలా వద్దా అని నిర్ణయించుకునేది తెల్లవారి అయిదింటికి తన వంటింట్లో. మీ బోర్డు ఆయనకు కనిపించేది ఏడింటికి సూర్యారావుపేటలో. అప్పటికి చదివినా ఉపయోగం ఏముంది? ఆయన కాఫీ తాగిన తరువాత మీ దగ్గరకు వచ్చి చదివి తెలుసుకునేది తన పని చెడిందన్న సంగతి మాత్రమే. అందుకే కొందరు చదివి కూడా చదవనట్టు ఉండి, "పరవాలేదు కదా" అని అడుగుతున్నారేమో ఆలోచించండి.

కృష్ణలంక_గట్టు

మీరు చెప్పినవన్నీ మంచి బోర్డు ఎలా ఉండాలో చెబుతాయి. కాని నది ఒడ్డున బోర్డు సరైన చోటే ఉంది, అక్షరాలు పెద్దవే, పుర్రె గుర్తు కూడా ఉంది. నిర్ణయం తీసుకునే చోటు అదే. అయినా చొక్కా దానికే తగిలిస్తున్నారు. దీనికి అక్షరాల పనివాడు ఏం చేయగలడు?

పంతులమ్మ_పటమట

గట్టు గారూ, ఆ కుర్రాళ్లు పుట్టినప్పటి నుంచి ఎన్ని నిషేధాలు చదివి ఉంటారో ఊహించండి. "ఇచట మూత్ర విసర్జన చేయరాదు, 500 జరిమానా" అని రాసిన గోడ కిందే పని జరుగుతుంది, ఎవరూ 500 వసూలు చేయరు. ఆ గోడలకు చివరికి దేవుళ్ల బొమ్మల పలకలు అతికించవలసి వచ్చింది. అక్షరం ఓడిపోయిందని మనమే ఒప్పుకున్నట్టయింది, నాకు అది ఎంతో కష్టంగా ఉంటుంది. వాహనాలు నిలపరాదన్న చోటే వాహనాలు. ఇలా నిషేధం అంటే అలంకారమని ఇరవై ఏళ్లు నేర్పి, ఇరవయ్యొకటో ఏట నది దగ్గర మాత్రం నమ్మమంటే ఎలా నమ్ముతారు? మీరు కోరిన జరిమానాకు నేను వ్యతిరేకిని కాను. వసూలు చేయని జరిమానాను ఎక్కడా రాయవద్దంటున్నాను. తక్కువ చోట్ల రాసి, రాసిన ప్రతి చోటా నిలబెట్టుకోవాలి. "రాదు" అని మాత్రమే కాక ఎందుకు రాదో కూడా రాయాలి. ఇసుక గుంత వల్ల రెండడుగుల దూరంలో నిలువు లోతు ఉందని మీరు ఇక్కడ రాసిన వాక్యమే ఆ బోర్డు మీద ఉంటే, పదిమందిలో ఇద్దరైనా ఆగుతారని నా నమ్మకం.

కృష్ణలంక_గట్టు

ఇద్దరు ఆగినా రెండు ఇళ్లు నిలబడతాయి. మా వార్డు సచివాలయంలో ఈ మాట రాతపూర్వకంగా ఇస్తాను. జరిమానా సంగతి మాత్రం వదలను.

బెజవాడ_ల్యాబ్

అక్షరాల పనివాడు గారు చెప్పిన వంటింటి మాట గురించి చాలా ఆలోచించాను. మేము చీటీ ఇస్తాం, దాని వెనక నియమాలు ఉంటాయి. కాని డాక్టరు పరీక్ష రాసిన వెంటనే చాలామంది మా దగ్గరకు రాకుండానే మరునాడు ఉదయం నేరుగా వస్తారు, కాబట్టి ఆ చీటీ వారికి అందనే అందదు. మా యజమానితో మాట్లాడాను. మాకు పరీక్షలు పంపే వైద్యుల దగ్గర మందుల చీటీతో పాటు ఇవ్వడానికి చిన్న కాగితం ఒకటి, ముందుగా ఫోను చేసేవారికి అంతకుముందు రాత్రి 8 గంటలకు తెలుగులో చదివి వినిపించే సందేశం ఒకటి పెట్టడానికి ఒప్పుకున్నారు. వినిపించే సందేశం పంతులమ్మ గారి మాట వల్ల తోచింది. గోడ మీద చచ్చిన కాగితాలన్నీ తీసేస్తున్నాం.

అయితే ఒక్క విషయంలో నా మాట మార్చుకోను. ఇవన్నీ చేసిన తరువాత కూడా, చదవగలిగిన మనిషి తల ఎత్తి చూడకుండా వరుసను ఆపితే, అది వెనక నిలబడిన ఆకలి మనిషికి చేస్తున్న అన్యాయమే. దాన్ని అన్యాయమని మర్యాదగా, పైకి చెబుతాను.

అక్షరాల పనివాడు గారూ, వైద్యుల దగ్గర ఉంచే ఆ కాగితం మీరే తయారుచేసి ఇవ్వగలరా? మా మాటలు: పరగడుపు అంటే ఏమిటి, ఎన్ని గంటలు, మంచినీళ్లు, మాత్రలు, ఏ పరీక్షకు అవసరం లేదు.

అక్షరాల_పనివాడు

తప్పకుండా. అయిదు విషయాలు ఒకే కాగితం మీద వద్దు. ముందు వైపు మూడు వరుసలే: "రాత్రి భోజనం తరువాత మంచినీళ్లు మాత్రమే. ఉదయం కాఫీ, టీ, టిఫిను వద్దు. రక్తం ఇచ్చాక తినండి." గంటల లెక్క కన్నా రాత్రి భోజనం తరువాత అంటే ఎవరికైనా అర్థమవుతుంది. పక్కన నీళ్ల గ్లాసు బొమ్మ, కాఫీ గ్లాసు మీద అడ్డగీత. మాత్రల సంగతి మనం నిర్ణయించేది కాదు, కాబట్టి "మీ మాత్రల గురించి డాక్టరును ఇప్పుడే అడగండి" అని వెనక వైపు రాద్దాం. కాగితం చేతికి వచ్చేటప్పటికి డాక్టరు ఎదురుగానే ఉంటారు. తెల్ల కాగితం, నల్ల అక్షరం. మీ కేంద్రం పేరు కింద చిన్నగా వేస్తాను, మీ యజమానిని ముందే ఒప్పించండి.

ఎరువులకొట్టు_ప్రత్తిపాడు

అయ్యా, అది అచ్చయ్యాక నాకొకటి పంపండి. నాలుగు రంగులకూ అర్థం, మిరపకు ఆగవలసిన రోజులు కొట్టు బల్ల మీదే కనిపించేలా ఆ పద్ధతిలో ఒకటి నాకూ కావాలి. సంక్రాంతి తరువాత కోతలు ముమ్మరమవుతాయి, ఈలోగా అయితే మంచిది.